పలక మీద మూడో మాట

మెలకువ 6402

కొలువులో చేరి ఇది ఆరువేల నాలుగు వందల రెండో మెలకువ. ఇక్కడ పొద్దు కనిపించదు, నిద్ర లేచిన లెక్కే రోజు లెక్క. నా ముక్కు పోయి రెండు వందల పది. మొదటి లెక్క ఊరందరికీ తెలుసు. రెండోది నాకొక్కదానికే తెలుసు, ఇప్పుడు ఈ నోటుబుక్కుకి తెలిసింది.

పలక మీద రాద్దామంటే దానికి వచ్చినవి రెండే మాటలు: బాగు, బాగోలేదు. గది గుమ్మంలో నిలబడి, నేల దాకా వంగి, మూడుసార్లు గాలి పీల్చాలి. ఆ రెంటిలో ఒకటి రాయాలి. పలకని గోడవైపు తిప్పి తగిలించి, తర్వాతి గదికి పోవాలి. అదే నా ఉద్యోగం. కొత్తవలసలో పది గదులు, రెండు వందల నలభైమంది మనుషులు, ఇద్దరు ముక్కుమనుషులు. ఒకరు గౌరినాయుడు మావ, రెండోది రాజులమ్మ అనే నేను.

గాలి సంగతి చెప్పడానికి పెట్టెలు లేవా అని నేల మీద నుంచి, అంటే భూమి నుంచి, కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఎందుకు లేవు, గదికొకటి ఉంది. మా తాతలు ఈ చంద్రుడి రాయిని తొలుచుకుని లోపల కాపురం పెట్టిన మొదటి ఏడే, పెట్టె మీద పచ్చదీపం వెలుగుతుండగా పదకొండుమంది పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారు. అప్పటినుంచి ఇక్కడ ఎవరూ పచ్చదీపాన్ని నమ్మరు. మనిషి ముక్కునే నమ్ముతారు.

నిన్న వంటగదిలో ఎవరూ లేనప్పుడు ఒక ఉల్లిపాయ కొరికాను. పదిహేడేళ్ల తర్వాత. మాకు ఉల్లి లేదు, తలనూనె లేదు, సబ్బు లేదు, ముక్కు చెడుతుందని. కళ్లలో నీళ్లొచ్చాయి, వాసన మాత్రం రాలేదు. ఇక అది తిరిగి రాదని అప్పుడే ఖాయం చేసుకున్నాను.

జ్వరంతో పోయింది. రెండు మెలకువలు చూసి చెబుదామనుకున్నాను. తర్వాత పది చూద్దామనుకున్నాను. ఆ తర్వాత చెబితే ఇన్నాళ్లూ పలక మీద ఏం రాశావని అడుగుతారు కదా. అడిగితే ఏం చెప్పను?

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అది మేం సన్నాసమ్మని చూసి నేర్చుకున్నాం. నాకంటే ముందు ముక్కుమనిషి ఆవిడే. ఒక మెలకువ పొద్దున్నే వచ్చి "నాకు జలుబు సేసినాది, ఇయాళ నా ముక్కుని నమ్మకండి" అని నలుగురి ముందూ చెప్పింది. ఎవరో మొద్దుముక్కు అని పేరు పెట్టారు. ఆ పేరు అంటుకుంది. జలుబు తగ్గినా పిలవలేదు. ఇప్పటికీ పుట్టగొడుగుల మడుల్లోనే ఉంది. ఆవిడ చోటు నాకిచ్చారు.

మెలకువ 6405

ముక్కు లేకుండా గాలి చూడటం ఎలాగో రాస్తాను. గొప్పకి కాదు. రాస్తుంటే నాకే సిగ్గు వేస్తోంది.

నేను ఒకటో గది నుంచి బయలుదేరతాను, మావ పదో గది నుంచి. మధ్యలో ఎదురుపడతాం. కాబట్టి ఒకటి నుంచి ఐదు దాకా నేను ముందు, ఆరు నుంచి పది దాకా ఆయన ముందు. నా ఐదు గదుల్లో కబుర్లాడతాను. "రాత్తిరి నిద్ర పట్టిందా, తల బరువుగా ఉందా, పిల్ల పాలు తాగిందా?" అని. రాజులమ్మకి ఎంత ఆపేక్షో అనుకుంటారు. పుట్టగొడుగుల తలలు వాడాయా, నీళ్ల గిన్నె మీద జిడ్డు తేలిందా అని చూస్తాను. అన్నీ చూసి 'బాగు' అని రాస్తాను.

మిగతా ఐదు గదుల్లో అంత శ్రమ లేదు. గోడవైపు తిప్పి ఉన్న మావ పలకని వేలితో కొంచెం ఎత్తి చూస్తాను. ఆయన ఏం రాస్తే అదే రాస్తాను. ఒకరి పలక ఇంకొకరు చూడటం మా కొలువులో అన్నిటికంటే పెద్ద తప్పు. మొదటిసారి నడవలో అటూ ఇటూ చూసి ఎత్తాను. ఇప్పుడు ఎటూ చూడను.

పలకలు తేడా వస్తే ఊరందరి ముందూ వాసనల పెట్టె తెరుస్తారు. అందులో తొమ్మిది సీసాలు. కళ్లకి గుడ్డ కట్టి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెడతారు. ఆ పెట్టె తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

ఇవాళ ఐదో గది దాటాక మావ ఎదురొచ్చాడు.

"ఏటమ్మా రాజులూ, గాలెలగుంది?"

"బాగుంది మావా. అటేపు?"

"అటేపూ బాగే."

పదిహేడేళ్లుగా ఇవే మాటలు. నాకు పని నేర్పింది ఈయనే. నన్ను నమ్మి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంటే నాకే పాపం అనిపించింది.

మెలకువ 6411

దాలమ్మకి ఆడపిల్ల పుట్టింది.

దాలమ్మ మా పక్క అరలోనే పెరిగింది. వరసకి నన్ను పిన్నీ అంటుంది. బయట తిరిగేవాళ్ల సూట్లకి చేతికుట్టు వేసేది ఈ ఊళ్లో అదొక్కతే. మిషన్ కుట్టు పట్టని మూలల్లో దాని వేళ్లు నడుస్తాయి. అది వేసిన కుట్టులోంచి గాలి పోయిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఇక్కడ బిడ్డ పుట్టిన మూడో మెలకువకి ముక్కుమనిషి వచ్చి తల వాసన చూడాలి. చూసి, ఏ వాసనో చెప్పాలి. పుట్టుకల పుస్తకంలో పేరు పక్కన అది రాస్తారు. నాది ఉలవచారు. దాలమ్మది చింతచిగురు, అది సన్నాసమ్మ చూసి చెప్పింది. తల్లి ముక్కు పక్షపాతం కాబట్టి తల్లి చెప్పకూడదు. మనిషి పోయినప్పుడు కూడా ఆ వాసన పేరు చెప్పే పంపిస్తాం.

నేను మావ వైపు చూశాను. పెద్దవాడు, ఆయన చూడాలి. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"దాలమ్మ నిన్నే అడుగుతన్నాది. నువ్వే సూడమ్మా," అన్నాడు.

బిడ్డని చేతుల్లోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. నడినెత్తి మీద ముక్కు ఆనించి మూడుసార్లు పీల్చాను. ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినా ఇంతే. చుట్టూ ఇరవైమంది ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. దాలమ్మ నా నోటి వంకే చూస్తోంది.

"గంజి," అన్నాను. "వేడి గంజిలో ఉప్పేసినట్టు."

దాలమ్మ మొహం విప్పారింది. "మా అత్త గంజి బలే కాసీది పిన్నీ," అంది. అందరూ సంతోషపడ్డారు. పుస్తకంలో రాసి సంతకం పెట్టాను.

గాలి పలక మీద అబద్ధాలు చాలా రాశాను. అవి మర్నాడు తుడిచేస్తారు. దీన్ని తుడవరు.

మెలకువ 6455

దాలమ్మ పనిలోకి వచ్చింది. కుట్టు గది ఏడోది. మిగతా ఇద్దరూ మిషన్ల దగ్గర ఎత్తు బల్లల మీద కూర్చుంటారు. చేతికుట్టు కాబట్టి దాలమ్మ నేల మీద, పైపుల గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది. కుట్ల మీద పూసే ఘాటు గోందు డబ్బా పక్కనే ఉంటుంది. పసిగుంటకి పైకప్పు కొక్కేనికి గుడ్డ ఉయ్యాల కట్టింది. తాడు కాలికి చుట్టుకుని, కుడుతూ ఊపుతూ ఉంది. గంజి గంజి అని ఏదో పాట కూడా కట్టుకుంది. ఆ పాట వినలేక పలక రాసి త్వరగా వచ్చేశాను.

మెలకువ 6471

ఇవాళ అన్నాల దగ్గర బయట బండి తోలే అతను, నేల మీద నుంచి వచ్చి మూడేళ్లే అయింది, నవ్వుతూ అన్నాడు: "సూటు కోసం కుట్టు గదిలోకి ఎల్లినాను. కింద పడేసి ఉంటే వొంగి తీసినాను. ఏడో గదిలో పనసపండు కోసినారేటి?"

అందరూ నవ్వారు. ఇక్కడ పుట్టినవాళ్లకి పనసపండు బొమ్మలో చూడటమే. నాకు మాత్రం చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

వాసనల పెట్టెలో తొమ్మిదో సీసా అదే. మాగిన పనస. గదుల్ని చల్లబరచడానికి గోడల పైపుల్లో తిరిగే చల్లమందుకి ఆ వాసన ఉంటుంది. కారితే బరువుగా కిందికి దిగి నేలనంటుకుని ఉంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వేళ్లు తిమ్మిరి, తర్వాత మనిషి లేవదు. పని నేర్చుకున్న మొదటి మెలకువ నాకు ఇది పాఠం. గదిలో రోజంతా కూర్చునేవాళ్ల ముక్కుకి అది అలవాటైపోతుంది, తెలియదు. దానికోసమే మమ్మల్ని పెట్టారు.

చెయ్యి కడుక్కుని తిన్నగా మావ దగ్గరికి వెళ్లాను. పలకలు తుడుస్తున్నాడు. మావా నాకు ముక్కు లేదు, నువ్వొకసారి ఏడో గదికి రా అందామని వెళ్లాను. ఆ మాటే అందామని వెళ్లాను, ఒట్టు.

"మావా, ఏడో గదిలో నీకేటైనా వాసన తగిలిందా?" అన్నాను.

ఆయన పలక మీంచి చెయ్యి తియ్యలేదు. "నీకేటి తగిలింది?"

"నాకేటీ తగల్లేదు."

"మరి నీకు తగలకపోతే నాకెక్కడ తగుల్తాదమ్మా. నీది పడుచు ముక్కు."

"కాదు మావా, అటేపు ముందు ఎల్లేది నువ్వు కదా."

"ముందెల్తే ఏటి, ఎనకెల్తే ఏటి. గాలి గాలే కదా." నా మొహం చూడకుండా, "నీకేటైనా అనుమానమా?" అన్నాడు.

"నేదు నేదు. ఊరికే అడిగినాను."

"మరైతే ఏటీ నేదు," అన్నాడు. పలక తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

ఆయనకి ముక్కుంది, ఆయనకి ఏమీ తగల్లేదు, కాబట్టి ఏమీ లేదు. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మెలకువ 6472

ఏడో గదిలో కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాను.

"తలనొప్పిగా ఉందేటి?" అని అడిగాను.

దాలమ్మ నవ్వింది. "తలనొప్పి ఎవరికి నేదు పిన్నీ. ఇరవై సూట్లు కుట్టాల. గుంట నిద్రపోనివ్వదు." అంటుండగానే దాని చేతిలోంచి సూది జారింది. తీసుకుంది, మళ్లీ జారింది. వేళ్లు నోట్లో పెట్టి ఊదుకుంది. "ఏళ్లు తిమ్మిరెక్కిపోతన్నాయి. పచ్చి బాలింతని కదా," అంది.

నా చేతిలో పలక ఉంది. బాగోలేదు అని రాస్తే చాలు. రాస్తే మావ పలకతో తేడా వస్తుంది. తేడా వస్తే పెట్టె తెరుస్తారు. కళ్లకి గుడ్డ కడతారు. తొమ్మిది సీసాలు. రెండు వందల నలభైమంది.

మావ పలక ఎత్తి చూశాను. 'బాగు' అని ఉంది.

'బాగు' అని రాశాను. ఎందుకు రాశానో ఇప్పుడెంత తవ్వుకున్నా ఒకటే కారణం. సన్నాసమ్మలా బతకడానికి భయం వేసింది.

మెలకువ 6473

దాలమ్మ పడిపోయింది.

ఉయ్యాల ఆగిపోయి గుంట ఏడుస్తుంటే మిషన్ల దగ్గర వాళ్లు కిందికి చూశారట. గోడకి జారగిలబడి ఉంది, సూది చేతిలోనే ఉంది. మోసుకొచ్చారు. మనిషి బతికింది. ఉయ్యాల ఎత్తున ఉంది కాబట్టి గుంటకి ఏమీ కాలేదు. పైపు అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది, బిగించేశారు.

మెలకువ 6474

దాలమ్మ మంచం పక్కన కూర్చున్నాను. దాని చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నట్టు దానికి తెలియడం లేదు. "ఎవురు?" అని చెయ్యి వంక చూసి, తర్వాత నా వంక చూసింది. వేళ్లు ముడుచుకోమంటే బొటనవేలు ఒక్కటే కదిలింది.

వైద్యుడు బయటికి వచ్చి చెప్పాడు, ఈ నరాలు తిరిగి రావని. ఇలా మొద్దుబారాలంటే ఒక్క మెలకువ పీలిస్తే చాలదని, పదిహేను మెలకువలైనా పీల్చి ఉండాలని.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ నా చేతులు కాల్లేదు. దాలమ్మవి కాలాయి.

మెలకువ 6475

మా వలస పెద్ద తవిటినాయుడు చెడ్డవాడు కాదు. పలకల్ని నమ్మేవాడు, అంతే. పలకలు తుడిచేముందు వాటి మాటలు ఎక్కించే చిట్టాని ఇవాళ తీయించాడు. ఏడో గది, పందొమ్మిది మెలకువలు, రెండు పలకలూ బాగు, బాగు, బాగు.

"రెండు ముక్కులు ఒకే మాట సెప్తే అదే గాలి మాట," అన్నాడు. "పైపు ఆ మెలకువే సిట్లి ఉంటాది. మరి పదిహేను మెలకువలుగా ఆ పిల్ల పీల్చినదేటి? గోందు. డబ్బా మూత తీసి పక్కనెట్టుకుని కూకున్నాది. గాలి తప్పు ఆ పిల్లదే."

గాలి తప్పు అంటే ఇక్కడ చిన్న మాట కాదు. తప్పు పడ్డవాళ్ల దగ్గర పసిబిడ్డని ఉంచరు. పిల్లల గదికి పంపిస్తారు, మెలకువకి ఒకసారి అద్దంలోంచి చూసుకోవచ్చు. రేపు సభ. సభలో తీర్పు చెప్పి గుంటని తీసుకుపోతారు.

మావ కుక్కిన పేనులా కూర్చున్నాడు. నేనూ అలాగే కూర్చున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నోరు మూసుకుంటే నా కొలువు నాకుంటుంది. పంక్తిలో మొదటి విస్తరి నాదే. అది ఒక్కటీ చాలు, ఇక్కడ రాజులమ్మ అంటే ఎవరో చెప్పడానికి. ముక్కు తీసేస్తే నేనెవరిని? ఈ ప్రశ్నకి భయపడే రెండు వందల ఎనభై మెలకువలు గడిపాను. దాలమ్మని మాత్రం ఎవరూ ఏ ప్రశ్నా అడగకుండానే దాని చేతులు తీసేశాం.

మెలకువ 6476

సభ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దాలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. గుంట దాని ఒడిలో ఉంది, పట్టుకోలేదు కాబట్టి గుడ్డతో నడుముకి కట్టారు. తవిటినాయుడు చిట్టా చదివాడు. "మూత ఎట్టుకున్నాను పెద్దా," అని దాలమ్మ ఒక్కసారే అంది. "ఎప్పుడూ ఎట్టుకుంటాను." ఎవరూ నమ్మలేదు. రెండు పలకలుండగా ఒక మనిషి మాట ఎవరు నమ్ముతారు?

పిల్లల గది ఆయా లేచి ముందుకు వచ్చింది. అప్పుడు నేను లేచాను.

"పలకలు రెండు కావు," అన్నాను. "ఒక్కటే. ఏడో గదిలో నాను మావ పలక సూసి రాసినాను. నాకు ముక్కు నేదు. రెండు వందల ఎనభై నాలుగు మెలకువలుగా నేదు."

ఎవరో నవ్వబోయి ఆగారు. తవిటినాయుడు "ఏటంటన్నావు?" అన్నాడు.

"పెట్టె తెండి," అన్నాను.

తెచ్చారు. కళ్లకి గుడ్డ కట్టారు. ఒక్కొక్క సీసా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఒక్కొక్కదానికీ తెలియదన్నాను. తొమ్మిదో సీసాకి ముందు వరసలో ఎవరో దగ్గారు, ఘాటు అక్కడిదాకా వెళ్లినట్టుంది. నాకు తెలియదన్నాను. గుడ్డ విప్పారు. ఇన్నాళ్లూ తిండి సయించకుండా భయపడ్డ పని అయిపోవడానికి గ్లాసు మంచినీళ్లు తాగినంత సేపు పట్టింది. ఇంతేనా అనిపించింది. ఆ ఇంతే కోసం దాలమ్మ చేతులు పోయాయి. అది తలుచుకుని అక్కడే ఏడ్చాను.

తవిటినాయుడు మావ వైపు తిరిగాడు. "గౌరినాయుడూ, రాజులమ్మ పలక పోయినా నీ పలక ఉంది కదా. నువ్వు సెప్పు. పందొమ్మిది మెలకువలూ ఏడో గది బాగేనా?"

మావ లేచి కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టె ఎత్తకండి," అన్నాడు. "నాకూ కావాల."

"నాలుగేళ్లయినాది నా ముక్కు పోయి," అన్నాడు. "ఒకటి నుంచి ఐదు దాకా రాజులమ్మ పలక సూసి రాసీవోణ్ని. అటేపు ఐదు గదులూ దేవుడి మీద బారం ఏసి బాగు అని రాసీవోణ్ని. ఎనకొచ్చేది రాజులమ్మ కదా, ఏటైనా ఉంటే ఆ పిల్ల పట్టుకుంటాది, నా గుట్టు బయట పడిపోతాది, పడితే పడనీ అనుకున్నాను. పట్టుకోనేదు. అయితే గాలి బాగానే ఉందనుకున్నాను."

నేనూ అచ్చం అదే అనుకున్నాను. మావకి ముక్కుందని నేను, నాకు ముక్కుందని మావ. మా ఇద్దరికీ ముక్కులున్నాయని రెండు వందల నలభైమంది కళ్లు మూసుకుని పడుకున్నారు. మొన్న పలకలు తుడిచే చోట ఇద్దరిలో ఎవరో ఒకరం నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి ఉంటే సరిపోయేది. ఆయన అడిగాడు కూడా, అనుమానమా అని. ఇప్పుడు తెలుస్తోంది, అది అడగడం కాదు, బతిమాలుకోవడం.

దాలమ్మ మీద గాలి తప్పు కొట్టేశారు. గుంట ఒడిలోనే ఉంది. దాలమ్మ నా వైపు చూడలేదు.

మెలకువ 6477

కొలువు పోయింది. అది రాయడానికి ఒక్క వరుస చాలు.

సన్నాసమ్మని మడుల్లోంచి పిలిపించారు. చేతులు కడుక్కుని వచ్చి, వాసనల పెట్టె తొమ్మిది సీసాలూ వరసగా చెప్పింది. తర్వాత పది గదులూ తిరిగింది. పలక మోయడానికి నన్ను రమ్మంది. తొమ్మిదో గదిలో నిలబడి "గాలి వడకట్టే జల్లెడ గుడ్డ కుళ్లుతున్నాది, బాగోనేదు" అంది. తీసి చూస్తే నల్లగా బూజు పట్టి ఉంది. అది కూడా ఎన్నాళ్ల నుంచి ఉందో.

నడవలో ఇద్దరమే ఉన్నప్పుడు ఆగాను. ఈ నోటుబుక్కు మొదట్లో 'ఎవరో' పేరు పెట్టారని రాశాను. ఆ ఎవరో నేనే.

"మొద్దుముక్కు అన్నది నాను, సన్నాసమ్మక్కా," అన్నాను.

"తెలుసు. నీ గొంతు నాకు తెల్దేటి."

"అప్పుడు నీ జలుబు ఎన్నాళ్లున్నాది?"

"నాలుగు మెలకువలు," అంది. పలక నా చేతికిచ్చి ముందుకి నడిచింది.

నాలుగు మెలకువల జలుబుకి పదిహేడేళ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఒక్క మనిషినీ అలా చేశాం. ఆ తర్వాత ఈ ఊళ్లో ఇంకెవరు నోరు విప్పుతారు?

మెలకువ 6483

కొలువులోకి తిరిగి రావడానికి సన్నాసమ్మ ఒక్క షరతు పెట్టింది. పలక మీద మూడో మాట ఉండాలి: తెలియదు. అది రాసినవాళ్లకి పెట్టె పరీక్ష పెట్టకూడదు, పేర్లు పెట్టకూడదు. ఆ గదికి ఇంకో ముక్కుని పిలవాలి, అంతే.

తవిటినాయుడు గొణిగాడు. "తెల్దు అని రాసుకుంటూ పోతే ఇంక ముక్కుమనుషులెందుకు?" అన్నాడు.

"బాగు బాగు అని రాసుకుంటూ పోతే ఏటైనాదో సూసినావు కదా," అంది సన్నాసమ్మ. ఆయన ఆ షరతుని చిట్టాలో రాయించాడు.

రెండో ముక్కు కోసం వెతుకుతున్నారు. మావ తన అరలోంచి బయటికి రావడం లేదు. ఇవాళ గంజి పట్టుకెళ్లాను. ఇద్దరం తాగాం. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. "ఏమో మావా, నాకు తెల్దు," అన్నాను. ఆయనకీ తెలియదు. కాసేపు ఇద్దరం నవ్వాం, తర్వాత నవ్వు రాలేదు.

మెలకువ 6490

ఇప్పుడు నా పని పుట్టగొడుగుల మడుల్లో. నడుము నొప్పి తప్ప కష్టం లేదు. పని అయ్యాక పుట్టుకల పుస్తకం అడిగి తీసుకుని దాలమ్మ అరకి వెళ్లాను. సభ తర్వాత వెళ్లడం ఇదే మొదటిసారి. వెళ్లడానికి పద్నాలుగు మెలకువలు పట్టింది. భయం నాకింకా పోలేదు. భయంతోనే వెళ్లాను.

దాలమ్మ నేల మీద కూర్చుని ఉంది. గుంట చాప మీద బోర్లా పడి తల ఎత్తుతోంది. నేను పుస్తకం తెరిచి ఆ వరుస దగ్గర వేలు పెట్టాను.

దాలమ్మ చదివింది. "గంజి అన్నావు," అంది. "పాట కట్టుకున్నాను. అందరికీ సెప్పుకున్నాను. ఇదీ అబద్దమేనా పిన్నీ?"

"అబద్దమే."

"ఏ వాసనా తెల్లేదా?"

"తెల్లేదు. నువ్వలగ సూస్తుంటే తెల్దని సెప్పలేకపోయినాను."

పుస్తకంలో ఆ వరుస మళ్లీ చదివింది. తిట్టినా బాగుండేది. "సన్నాసమ్మక్కని పిలుస్తాను, ఆవిడ సరిగా సూసి సెప్తాది," అన్నాను.

"వొద్దు."

ముందుకి వంగి, గుంటని రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తింది. వేళ్లు ఎటో చూస్తున్నాయి. నేను చెయ్యి సాయం పెట్టబోతే తల అడ్డంగా ఊపింది. గుంట నడినెత్తి మీద ముక్కు ఆనించింది. తల్లి చూడకూడదు. నేను అడ్డు చెప్పలేదు. కళ్లు మూసుకుని పీల్చింది, ఒకసారి, రెండోసారి, మూడోసారి. మొహం మారింది. పడిపోయిన తర్వాత దాని మొహం అలా చూడటం ఇదే మొదలు.

"ఏటి వాసన?" అన్నాను.

"సెప్పను," అంది. "నీకు సెప్పను పిన్నీ."

నాకు అది న్యాయంగానే తోచింది. కళ్లు తుడుచుకుని, గంజి మీద గీత కొట్టి, పక్కన తెలియదు అని రాశాను. కింద సంతకం పెట్టాను. పదిహేడేళ్ల కొలువులో ఆ మాట రాయడం నాకు మొదటిసారి, అక్షరాలు వంకరగా వచ్చాయి. దాలమ్మ అది చదివి, పుస్తకాన్ని మోచేత్తో నా వైపు నెట్టింది.

లేచి గుమ్మం దాకా వచ్చాను.

"పిన్నీ," అంది వెనక నుంచి. "గుంటకి తానం పొయ్యాల. నా సేతుల్లోంచి జారిపోతన్నాది. రేపు వొచ్చి నువ్వు పొయ్యి."

"వొస్తాను."

"సబ్బు తెచ్చుకో. ఇప్పుడు నీకు పరవానేదు కదా."

పదిహేడేళ్లుగా నా అరలో సబ్బు లేదు. రేపు పొద్దున్నే కొట్టుకి వెళ్లి అడగాలి.